పెట్రోలు తగలని చోటికి మందు ఎలా చేరుతుంది? మెకానిక్ మిత్రులకు ఒక బహిరంగ లేఖ

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పెట్రోలు కార్ల పని చేసే మెకానిక్ మిత్రులకు, పెద్దలకు నమస్కారం.

ట్యాంకులో పోసే క్లీనర్ సీసాల విషయంలో ముందు నా తప్పు చెప్పుకుంటాను. అది విన్నాక మీ షెడ్డులో కూడా అదే జరుగుతోందో లేదో మీరే చూసుకోండి.

పోయిన చలికాలంలో దేవరకొండ నుంచి ఒక మాస్టారు టర్బో పెట్రోలు కారు తీసుకొని నా షెడ్డుకు వచ్చారు. అరవై రెండు వేల కిలోమీటర్లు తిరిగిన బండి. పొద్దున స్టార్ట్ చేయగానే ఒకటి రెండు నిమిషాలు ఇంజిన్ వణుకుతుంది, వేడెక్కాక సర్దుకుంటుంది. పికప్ తగ్గింది. స్కానర్ పెడితే మిస్‌ఫైర్ కోడు చూపించింది, పీ 0300, అంటే సిలిండర్లలో పెట్రోలు సరిగ్గా అంటుకోవడం లేదని. ప్లగ్గులు మార్చాను. ఇగ్నిషన్ కాయిళ్ళను ఒక సిలిండర్ నుంచి ఇంకో సిలిండర్‌కు మార్చి చూశాను. చివరికి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్‌ను శుభ్రం చేసే క్లీనర్ సీసా ఒకటి ట్యాంకులో పోసి, “ఒక ఫుల్ ట్యాంకు తిప్పండి సార్, లోపల అంతా శుభ్రమవుతుంది” అన్నాను. మూడు వారాలకు ఆయన మళ్ళీ వచ్చారు. రెండో సీసా పోశాను. ఇకనుంచి బంకులో ఖరీదైన పెట్రోలే కొట్టించమని సలహా కూడా ఇచ్చాను. మూడోసారి వచ్చినప్పుడు ఇంకో సీసా పోసి పంపాను. నాలుగోసారి వచ్చినప్పుడు నా చెయ్యి మళ్ళీ ఆ అలమర వైపే పోతుంటే ఆయన ఒక్క మాట అడిగారు: “ఈ మందు పోయి తగిలే చోటే మసి ఉందని మీరు చూశారా?”

ఆయన సోషల్ పాఠాలు చెప్పే మనిషి. వాల్వు ఏదో పిస్టన్ ఏదో ఆయనకు తెలియదు. ముప్పై ఏళ్ళుగా ఇంజిన్లు విప్పుతున్న నాకు ఆ ప్రశ్న రాలేదు, ఆయనకు వచ్చింది.

ఆ సాయంత్రం సిలిండర్లకు గాలి పంచే గొట్టాల గుత్తి, ఇంటేక్ మానిఫోల్డ్ విప్పాను. గాలిని లోపలికి వదిలే ఇంటేక్ వాల్వుల వెనుక తలం మీద, కాడల చుట్టూ, కట్టెల పొయ్యి మీద ఏళ్ళ తరబడి వాడిన కుండ అడుగులాగా నల్లటి గార. వేలితో గీకితే రాలేదు. స్క్రూడ్రైవర్ మొనతో గీకితే పెచ్చులు పెచ్చులుగా ఊడింది. గాలి పోవాల్సిన దారి కొన్ని చోట్ల సగానికి సగం పూడుకుపోయింది. ఇక ప్లగ్గు రంధ్రంలోంచి కెమెరా దించి పిస్టన్ తలలు చూస్తే అవి మాత్రం చాలా వరకు శుభ్రంగా ఉన్నాయి. అంటే నేను పోసిన మూడు సీసాలూ నిజంగానే పని చేశాయి. జబ్బు ఉన్న చోటికి మాత్రం అవి ఎన్నడూ చేరలేదు, చేరే దారే అక్కడ లేదు. సీసాల డబ్బు పన్నెండు వందలు మాస్టారికి తిరిగి ఇచ్చేశాను. ఆయన వద్దన్నారు, నేనే జేబులో పెట్టాను.

ఇందులో మాయ ఏమీ లేదని మనందరికీ తెలుసు, తెలిసీ పట్టించుకోలేదు. పాత కార్బ్యురేటర్ బండిలో పెట్రోలు, గాలి ముందే కలిసి ఇంటేక్ వాల్వు మీదుగా లోపలికి పోయేవి. తర్వాత వచ్చిన ఎంపీఎఫ్ఐ బండ్లలో ఇంజెక్టరు మూడు నాలుగు బార్ల పీడనంతో సరిగ్గా వాల్వు వెనుక భాగం మీదే పెట్రోలు చిమ్ముతుంది. రెండింటిలోనూ వాల్వుకు నిమిషానికి వందలసార్లు పెట్రోలు స్నానం. అందులో డిటర్జెంట్, అంటే మసి కడిగే రసాయనం ఉంటే ఇంకా మంచిది, పట్టిన మసి పట్టినట్టే కడుక్కుపోతుంది. మాస్టారి బండి లాంటి డైరెక్ట్ ఇంజెక్షన్‌లో ఇంజెక్టరు నేరుగా సిలిండర్ లోపలికి దిగింది. పీడనం 200 బార్లు దాటుతుంది, కొత్త ఇంజిన్లలో 350 బార్ల వరకు వెళుతుంది. వాల్వు దగ్గర ఇప్పుడు ఉత్త గాలి మాత్రమే ఆడుతుంది. సాగర్ ఎడమ కాలువ కింద వ్యవసాయం చేసినవాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు. నీళ్ళు పారినంత కాలం పిల్లకాలువ తనను తానే శుభ్రం చేసుకుంటుంది. పైపు వేసి నీళ్ళు నేరుగా మడిలోకే పంపితే పంట బాగానే పండుతుంది, కాలువలో మాత్రం పూడిక, తుంగ. ఆ తర్వాత పైపులో ఎంత మంచి నీళ్ళు పంపినా కాలువలోని పూడిక కదలదు.

ఆ పూడిక ఎక్కడినుంచి వస్తుందనేది కూడా మనం కస్టమర్‌కు సరిగ్గా చెప్పడం లేదు. “పెట్రోలు బాగా లేదు సార్” అనేస్తాం. పాపం, బంకువాడి మీదికి నెట్టేస్తే మన పని సులువు. నిజానికి వాల్వు మీది గారలో పెద్ద భాగం ఇంజిన్ ఆయిల్‌దే. పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారిన వాయువులు ఇంజిన్ అడుగున ఉండే క్రాంక్‌కేసులోని ఆయిల్ ఆవిరిని మోసుకొని పీసీవీ అనే వాల్వు దారిలో మళ్ళీ ఇంటేక్‌లోకే వస్తాయి. గాలి కాలుష్యం కాకూడదని పెట్టిన ఏర్పాటు అది, తప్పు పట్టలేం. వాల్వు సీళ్ళ నుంచి కాస్త ఆయిల్, వాల్వులు రెండూ తెరుచుకొని ఉండే ఆ కొద్ది క్షణాల్లో వెనక్కి వచ్చే కాలిన వాయువులు కాస్త, ఎయిర్ ఫిల్టర్ దాటిన సన్నటి దుమ్ము కాస్త. ఇదంతా వేడి వాల్వు మీద పడి మాడిపోతుంది. వడ్ల కొనుగోళ్ళ కాలంలో మిర్యాలగూడ రోడ్డు మీద లారీల వెనుక పోయే బండికి ఎయిర్ ఫిల్టరు ఎలా ఉంటుందో మీకు తెలుసు. కలెక్టరేట్ దాకా పోయి ప్రకాశం బజార్‌లో ఆగి ఇంటికి తిరిగి వచ్చే బండి పరిస్థితి ఇంకా అన్యాయం. రోజూ మూడు నాలుగు కిలోమీటర్లే తిరుగుతుంది, ఆయిల్ సరిగ్గా వేడెక్కదు, అందులో చేరిన తేమ, పెట్రోలు ఆవిరై పోవు.

ఇక్కడ నాకు బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. ఇప్పటి డీజిల్ ఇంజిన్ అంటేనే సిలిండర్‌లోకి నేరుగా చిమ్మడం. కాలిన పొగలో కొంత మళ్ళీ ఇంజిన్‌లోకే పంపే ఈజీఆర్ నుంచి వచ్చే పొగ, ఆయిల్ ఆవిరి కలిసి డీజిల్ మానిఫోల్డ్‌లో తారులా పేరుకుంటాయని, దాన్ని విప్పి గీకి కడగాలని మన షెడ్లలో పని నేర్చుకునే చోటాకు కూడా తెలుసు. డీజిల్ బండి పికప్ లేదని వస్తే ట్యాంకులో సీసా పోసి పంపించే మెకానిక్‌ను నేను ఎక్కడా చూడలేదు. ఈజీఆర్ విప్పుతాం, మానిఫోల్డ్ దించుతాం, నల్లటి మడ్డి తీసి కస్టమర్‌కు చూపిస్తాం, కూలి తీసుకుంటాం. అదే జబ్బు పెట్రోలు బండికి వస్తే మన బుర్ర ముప్పై ఏళ్ళు వెనక్కి, మారుతి 800 దగ్గరికి పోతుంది. పెట్రోలు అనే మాట చూసి మోసపోతున్నాం. ఈ బండి తాగేది పెట్రోలే, తాగే పద్ధతి డీజిల్‌ది.

మా ఉస్తాద్ దగ్గర నేను పని నేర్చుకున్న రోజుల్లో, సీసం (లెడ్) కలిపిన పెట్రోలు ఇంకా అమ్ముతున్న కాలంలో, డీకార్బనైజింగ్, అంటే మసి తీయడం మామూలు పని. ఇంజిన్ పైభాగమైన హెడ్డు దించడం, గీకడం, వాల్వులు గ్రైండింగ్ చేయడం. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే వచ్చింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 పెట్రోలు వచ్చి గంధకం పది లక్షల పాళ్ళకు పది పాళ్ళు, అంటే 10 పీపీఎంకు దిగింది. పెట్రోలు మెరుగవుతూ వచ్చిన కొద్దీ మనం హెడ్డు దించడం మరిచిపోయాం. అది మంచిదే. అయితే ఆ అలవాటుతో పాటు విప్పి చూడాలనే ఆలోచన కూడా పోయింది.

సీసాలో ఉన్నది మోసం అని నేను అనడం లేదు. పాలీఈథర్ ఎమీన్ అనే రసాయనం సరైన మోతాదులో ఉన్న సీసా ఇంజెక్టరు మొన మీది గారను, పిస్టన్ తల మీది మసిని తీయగలదు. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో ఇంజెక్టరు మొన మంటలోనే ఉంటుంది, దాని రంధ్రాలు వెంట్రుకంత. అక్కడ గార పడితే పెట్రోలు పొగమంచులా విడవడానికి బదులు ధారగా పడుతుంది. కాబట్టి ఆయిల్ మార్చే సమయానికి ముందు ఒక సీసా పోయడంలో తప్పు లేదు. మోతాదు రాయని సీసా, లోపల ఏముందో చెప్పని సీసా మాత్రం నేను ఇప్పుడు అలమరలో పెట్టడం మానేశాను. అందులో చాలావరకు కిరోసిన్ లాంటిదే ఉన్నా మనకు తెలిసే దారి లేదు.

అమెరికాలో ట్రిపుల్ ఏ అనే వాహనదారుల సంస్థ 2016లో ఒక పరీక్ష చేసింది. మంచి డిటర్జెంట్ ఉన్న పెట్రోలుతో పోల్చితే అది తక్కువగా ఉన్న పెట్రోలు 4,000 మైళ్ళ తర్వాత సగటున 19 రెట్లు ఎక్కువ మసి మిగిల్చిందని తేల్చింది. ఈ అంకె సీసాలు అమ్మేవాళ్ళ నోట తరచుగా వినిపిస్తుంది. ఆ పరీక్ష పోర్ట్ ఇంజెక్షన్, అంటే ఎంపీఎఫ్ఐలాగా వాల్వు వెనుక చిమ్మే ఇంజిన్ మీద చేసినదని మాత్రం వాళ్ళు చెప్పరు. పెట్రోలు తగిలే వాల్వుకు ఆ 19 రెట్ల మాట వర్తిస్తుంది. తగలని వాల్వుకు ఒక్క రెట్టు కూడా వర్తించదు. టొయోటా కొన్ని ఇంజిన్లలో డీ-4ఎస్ పేరుతో సిలిండర్‌లో ఒక ఇంజెక్టరు, వాల్వు వెనుక ఇంకో ఇంజెక్టరు పెట్టింది. అలా పెట్టడంలో వాళ్ళకు వేరే లాభాలూ ఉన్నాయి గాని, ఆ రెండో ఇంజెక్టరు చిమ్మే పెట్రోలు వాల్వును కడుగుతూ ఉంటుంది. ఆ ఖర్చు వాళ్ళు ఊరికే పెట్టుకోలేదు.

గ్రేడు సంగతి మనం ఇంకా ఎక్కువ గజిబిజి చేశాం. 91, 95, 100 అని బంకులో రాసి ఉండేది ఆక్టేన్ అంకె. నిప్పురవ్వ రాజేసిన మంట చేరకముందే ఒత్తిడికి తనంతట తానే అంటుకోకుండా పెట్రోలు ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే కొలత అది. దానికి బలంతో సంబంధం లేదు, శుభ్రతతో అసలే లేదు. టర్బో బండి నలుగురు మనుషులతో, ఏసీతో, మే నెల ఎండలో మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతున్నప్పుడు ఎక్కువ ఆక్టేన్ నిజంగా పనికి వస్తుంది. ఇంజిన్ కొట్టుకోబోతోందని నాక్ సెన్సర్ చెప్పగానే కంప్యూటర్ నిప్పురవ్వ టైమింగ్‌ను వెనక్కి లాగుతుంది, పికప్ చస్తుంది. మంచి ఆక్టేన్ ఉంటే ఆ అవసరం తగ్గుతుంది. ఊళ్ళో తిరిగే మామూలు ఇంజిన్‌కు, కంపెనీ పుస్తకంలో 91 చాలని రాసి ఉన్నప్పుడు, 100 పోయించడం నేతితో దీపం పెట్టినట్టే. వెలుగు అంతే వస్తుంది.

పైగా 2025 ఆగస్టులో పెట్రోలియం మంత్రిత్వ శాఖ ఇచ్చిన వివరణ ప్రకారం ఒకప్పుడు 88 ఉన్న మామూలు పెట్రోలు ఆక్టేన్ బీఎస్-6తో 91 అయింది, 20 శాతం ఇథనాల్ కలిపాక 95కు చేరింది. అలాంటప్పుడు 95 అని రాసిన ఖరీదైన పెట్రోలులో కస్టమర్‌కు అదనంగా దొరికేది ఏమిటి? అందులో కలిపిన శుభ్రపరిచే రసాయనం అయి ఉండాలి. ఆ రసాయనం కూడా వాల్వు దాకా పోదని పైన చెప్పుకున్నాం. లీటరుకు పది రూపాయలు ఎక్కువ పెట్టాడనుకోండి. నలభై లీటర్ల ట్యాంకుకు నాలుగు వందలు, నెలకు రెండు ట్యాంకులు నింపితే ఏడాదికి 9,600. మన మాట నమ్మి ఒక మాస్టారు ఆ డబ్బు కడతారు. మనకేమో అందులో పైసా రాదు. అంత ఉదారంగా ఎందుకు సలహా ఇస్తున్నామో నాకు అర్థం కాదు.

ఇథనాల్ గురించి నాలుగు మాటలు చాలు. మైలేజ్ తగ్గిందని వచ్చిన ప్రతి బండికీ కార్బన్ పట్టిందని చెప్పకండి. ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. ఇథనాల్ లేని పెట్రోలు కోసం తయారై పది శాతం మిశ్రమానికి సరిచేసిన కార్లలో 20 శాతం మిశ్రమం వాడితే మైలేజ్ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది. ఆ తగ్గుదల పొద్దునా సాయంత్రం ఒకేలా ఉంటుంది, బండి వణకదు. వాల్వుల గార అయితే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు బయటపడుతుంది. 

షెడ్డుకు వచ్చిన బండి ఏ రకమో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. స్కోడా, ఫోక్స్‌వ్యాగన్‌ల టీఎస్ఐ, హ్యుందాయ్, కియాల టీ-జీడీఐ, మహీంద్రా థార్‌లోని టీజీడీఐ పెట్రోలు, ఇవన్నీ డైరెక్ట్ ఇంజెక్షనే. టర్బో అని రాసి ఉన్నదల్లా అది కాదు. టాటా నెక్సాన్‌లోని 1.2 రెవోట్రాన్ టర్బో బండే అయినా వాల్వు వెనుకే చిమ్మే రకం. అనుమానం ఉంటే బానెట్ తెరవండి. క్యామ్ షాఫ్ట్‌తో నడిచే పెట్రోలు పంపు, దాని నుంచి రబ్బరు గొట్టానికి బదులు ఇనుప గొట్టం, ఐడ్లింగ్‌లో కుట్టుమిషన్‌లాగా టికటికమనే చప్పుడు. ఈ మూడూ ఉంటే సీసా జోలికి పోకుండా ముందు కెమెరా తీయండి.

గార ఉందని తేలితే తీయడానికి మంచి పద్ధతి అక్రోటు పెంకు పొడిని గాలితో కొట్టడం. ఆ పెంకు గారను రాల్చేంత గట్టిది, వాల్వును గీకనంత మెత్తది. కొట్టే సిలిండర్‌లో వాల్వులు పూర్తిగా మూసి ఉండాలి, పొడి వెంటనే వాక్యూమ్‌తో లాగేయాలి, గాలిలో తేమ ఉండకూడదు. మా చోటా, వాడిది వనపర్తి దగ్గర ఊరు, “మన పల్లీ పొట్టుతో కొడితే కాదా ఉస్తాద్?” అని అడిగాడు. నవ్వాను గాని, ఆ రాత్రి ఒక పాత హెడ్డు మీద కొట్టి చూశాను కూడా. పొట్టు తుక్కైపోయింది, గార అలాగే ఉంది. ఇసుకతో మాత్రం ఎవరూ ప్రయోగం చేయకండి. ఒక్క పలుకు లోపల మిగిలినా సిలిండర్ గోడ పాడవుతుంది. ఇంజిన్ నడుస్తుండగా థ్రాటిల్‌లోంచి స్ప్రే కొట్టే పద్ధతి టర్బో బండికి నేను చేయను. ఊడిన పెచ్చు పోయి టర్బో రెక్కకు తగిలితే కస్టమర్‌కు మనం ఏ లెక్క చెప్పాలి? యంత్రం లేనివాళ్ళు క్లీనర్ పోసి నానబెట్టి నైలాన్ బ్రష్‌తో రుద్ది, తడి లాగేసి తీయవచ్చు. ఒక్కో సిలిండర్‌కు గంట పడుతుంది, మెడ పట్టేస్తుంది, పని మాత్రం శుభ్రంగా వస్తుంది.

గార మళ్ళీ త్వరగా పట్టకుండా ఉండాలంటే ఆయిల్ దగ్గర పొదుపు చేయించకండి. పుస్తకంలో రాసిన గ్రేడు, కనీసం ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) వారి ఎస్‌పీ నాణ్యతా ముద్ర ఉన్నది, గడువు కంటే కాస్త ముందే మార్చండి. టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో తక్కువ వేగంలో వచ్చే ముందస్తు పేలుడు అనే జబ్బుకు ఆయిల్‌లోని కాల్షియం మందు ఒక కారణమని తేలాకే 2018లో ఎస్ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ ముద్రలు వచ్చాయి. ట్రాక్టర్ వెనుక ఐదో గేరులో నలభై వేగంతో పోయి, ఒక్కసారిగా యాక్సిలరేటర్ అదిమే అలవాటు ఉన్న కస్టమర్‌కు గేరు దించమని చెప్పండి. పిస్టన్ పగిలాక చెప్పే కంటే ఇప్పుడు చెప్పడం నయం. పీసీవీ వాల్వు ఒకసారి ఊది చూడండి, అరనిమిషం పని.

ఇక అసలు విషయం. మనం సీసా ఎందుకు పోస్తున్నామో మనకు తెలుసు. సీసా మీద ధర ముద్రించి ఉంటుంది, కూలికి బేరం ఉంటుంది. నాలుగు వందల సీసాకు కస్టమర్ మారు మాట్లాడడు, అదే నాలుగు గంటల పనికి రెండు వేలు అడిగితే “ఏం మార్చావని?” అంటాడు. ఏమీ మార్చకుండా చేసిన పనికి డబ్బు అడగడం మనకు నేర్పలేదు. నేను ఇప్పుడు విప్పకముందు ఒక ఫోటో, కడిగాక ఒక ఫోటో తీసి, రెండూ బిల్లుతో పాటు ఫోనుకు పంపిస్తున్నాను. బిల్లులో ఇంజెక్షన్ రకం రాస్తున్నాను. ఇప్పటిదాకా బేరమాడినవాళ్ళు ఇద్దరే.

అక్రోటు యంత్రం, మంచి కంప్రెసర్, కెమెరా ఒక్కడు కొనాలంటే భారం. నల్లగొండలో ఐదారు షెడ్లు కలిసి ఒక సెట్టు, మహబూబ్‌నగర్, జడ్చర్ల వాళ్ళు కలిసి ఒక సెట్టు కొనుక్కుంటే హైదరాబాదుకు పోయే బండ్లు ఇక్కడే ఆగుతాయి. నా వంతు డబ్బు సిద్ధంగా ఉంది. యంత్రం నా షెడ్డులోనే పెట్టాలని పట్టు కూడా లేదు, దుమ్ము తక్కువ ఉన్న షెడ్డు ఎవరిదైతే అక్కడ పెడదాం.

మాస్టారి బండి నుంచి గీకిన పెచ్చులు ఒక గాజు సీసాలో దాచి ఉంచాను, ఆయన అనుమతితోనే. వచ్చే రెండు ఆదివారాలు ఉదయం తొమ్మిది నుంచి పదకొండు దాకా షెడ్డు తెరిచి ఉంచుతాను. ఒక పాత టర్బో హెడ్డు బెంచీ మీద ఉంటుంది, వాల్వులు ఇంకా కడగలేదు. మీ చోటాలను కూడా తీసుకురండి. మీ అలమరలో ఉన్న సీసాలు ఏవైనా ఉంటే అవీ తీసుకురండి, ఆ వాల్వు మీద పోసి చూద్దాం.

ఇట్లు,
నల్లగొండ నుంచి ఒక పెట్రోలు మెకానిక్